మన ప్రతిజ్ఞలో జెండా ఎందుకు లేదు?

పెరుగన్నం తాత
ఆగస్టు 19, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. ఆరు నెలలు ఉండి వెళ్దామని డాలస్ దగ్గర కూతురింటికి వచ్చాను. మనవడు మూడో తరగతి. ఇక్కడ ఆగస్టులోనే బడులు తెరిచేస్తారు.

నిన్న రాత్రి భోజనాల దగ్గర "బళ్ళో పొద్దున్నే ఏం చేస్తారురా?" అని అడిగాను. వాడు కుర్చీ దిగి, కుడి చెయ్యి గుండెల మీద పెట్టుకొని, అమెరికా జెండా ప్రతిజ్ఞ గడగడా అప్పజెప్పాడు. అయిపోయిందనుకున్నాను. కొంచెం పక్కకు తిరిగి ఇంకొకటి మొదలుపెట్టాడు. అది టెక్సస్ రాష్ట్ర జెండాకట! ఆ తరువాత ఒక నిమిషం మౌనం. వాడు నిజంగానే నిమిషమంతా నిలబడ్డాడు. పెరుగన్నం ముద్ద చేతిలో పట్టుకొని మేమూ నోరు మూసుకున్నాం.

"మీకు ఉందా తాతయ్యా?" అన్నాడు. ఎందుకు లేదని లేచాను. నేను మూడో తరగతిలో ఉండగా, 1965లో, మా బడికి ప్రతిజ్ఞ వచ్చింది. అరవై ఏళ్ళయినా ఒక్క మాట పోలేదు. కుడి చెయ్యి భుజానికి సమంగా ముందుకు చాచి, అరచెయ్యి నేలవైపు పెట్టి, డ్రిల్లు మాస్టారు నేర్పినట్టే మొదలుపెట్టాను. రెండో వాక్యంలో ఉండగా మా అమ్మాయి పరుగున వచ్చి "నాన్నా, ముందు ఆ చెయ్యి దించండి" అంటూ వంటింటి కిటికీ తెర లాగేసింది. ఎందుకో చెప్పలేదు. చెయ్యి దించుకొనే పూర్తి చేశాను.

అంతా విని మనవడు రెండు ప్రశ్నలు వేశాడు. ఒకటి, "ఇందులో జెండా ఎక్కడుంది?" రెండు, "అమ్మానాన్నల్ని గౌరవిస్తానని దేశానికి ఎందుకు చెప్పాలి?"

మొదటిదానికే నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ళు వల్లించిన నాకు ఆ అనుమానమే రాలేదు. తెలిసినవారు చెప్పండి. మా అమ్మాయి కిటికీ తెర ఎందుకు వేసిందో కూడా ఎవరికైనా తెలిస్తే చెప్పండి. తనని అడిగితే "తరువాత చెబుతాను" అంటోంది.


సుద్దముక్క
ఆగస్టు 19, ఉదయం 9:02

తాతగారూ, ముప్పై ఒక్క ఏళ్ళు బడిలో ఉదయం ప్రార్థన నడిపిన దాన్ని. నాకూ ఎప్పుడూ తట్టలేదు సుమండీ! ఇప్పుడు మనసులో మొదటినుంచి చివరిదాకా చదువుకున్నాను. నిజమే. జెండా లేదు. ప్రభుత్వం లేదు. శత్రువు లేడు. సరిహద్దు లేదు. విధేయత అన్న మాటే లేదు.

ఉన్నదేమిటి? మాతృభూమి, సహోదరులు, వారసత్వ సంపద, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పెద్దలు, మర్యాద. మనవడి రెండో ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉందనుకుంటాను. అది రాసినాయన దృష్టిలో దేశమంటే ఇంట్లోనూ వీధిలోనూ కనబడే మనుషులే. వాళ్ళతో సరిగా ఉంటే దేశంతో సరిగా ఉన్నట్టే.

పిల్లలకు అవన్నీ పట్టేవి కావు లెండి. చాచిన చెయ్యి నొప్పెట్టి ముందు వాడి భుజం మీద ఆనించేవారు. "సర్వదా నేను కృషి చేస్తాను" అన్నది మా ఐదో తరగతి మొత్తం "సరదాగా నేను కృషి చేస్తాను" అని ఏడాది పొడుగునా చెప్పింది. వందమంది ఒకేసారి అంటుంటే ఎవరికి వినబడుతుంది? ఇన్‌స్పెక్షను రోజున ఒక పిల్ల ఒంటరిగా చెప్పేసరికి బయటపడింది. దిద్దాను కానీ, ఇప్పుడు ఆలోచిస్తే అదే మంచి పాఠమేమో అనిపిస్తోంది.


త్రివర్ణం
ఆగస్టు 19, ఉదయం 10:25

జెండా లేకపోవడమేమిటి? జెండా రూపొందించిన పింగళి వెంకయ్యగారే కదా ప్రతిజ్ఞ కూడా రాసింది! రెండూ మన తెలుగువాడివే.


ఖజానా గుమస్తా
ఆగస్టు 19, మధ్యాహ్నం 1:40

త్రివర్ణం గారూ, రెండూ తెలుగువాళ్ళవే. ఒకే తెలుగువాడివి మాత్రం కావు. పింగళి వెంకయ్యగారిది కృష్ణా జిల్లా భట్లపెనుమర్రు. ప్రతిజ్ఞ రాసింది పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు. మాది నల్లగొండ, ఆయనది మా జిల్లా అన్నెపర్తి. అందుకని కొంచెం వివరంగా రాస్తాను, విసుక్కోకండి.

ఆయన 1916లో పుట్టారు. ఉద్యోగం ట్రెజరీలో. నేనూ ట్రెజరీలోనే పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ఆ గది ఎలా ఉంటుందో చెప్పగలను. చుట్టూ చలానాలు, ఎర్ర గుడ్డలో కట్టిన బిల్లుల కట్టలు, పింఛను కోసం వచ్చి బల్ల మీద కునికే ముసలివాళ్ళు, నెలాఖరుకు టీచర్ల జీతాల బిల్లులతో నిలబడే గుమస్తాలు. అలాంటి చోట కూర్చొని 1962లో, విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉండగా, ఆయన ఈ ప్రతిజ్ఞ రాశారు. మొదట తెలుగులోనే రాశారు. దాన్ని విశాఖ రాజకీయ నాయకులు తెన్నేటి విశ్వనాథంగారికి చూపించారు. ఆయన అప్పటి విద్యామంత్రి పి.వి.జి. రాజుగారికి అందించారు. 1963లో విశాఖ బడుల్లో పిల్లలతో చెప్పించారు. 1964లో బెంగళూరులో కేంద్ర విద్యామంత్రి ఎం.సి. చాగ్లా అధ్యక్షతన కేంద్ర విద్యా సలహా మండలి సమావేశమై, దేశమంతా చెప్పించాలని నిర్ణయించింది. 1965 జనవరి 26 నుంచి అమలు. తాతగారి మూడో తరగతి లెక్క సరిగ్గా సరిపోయింది చూశారా!

1962 అంటే చైనా యుద్ధం జరిగిన ఏడు. ఊరూరా రక్షణ నిధికి గాజులూ గొలుసులూ ఇచ్చిన ఏడు. అప్పుడు రాసినదానిలో "శత్రువును తరిమికొడతాను" అని ఒక్క ముక్క ఉన్నా ఎవరూ ఆశ్చర్యపోరు. కానీ ఆయన "ప్రతివారితోను మర్యాదగా నడుచుకొంటాను" అని రాశారు. రోజూ కౌంటరు దగ్గర జనంతో వేగేవాడికే తెలుస్తుంది ఆ వాక్యం విలువ. (ఇది నా వృత్తిపక్షపాతం అనుకుంటే అనుకోండి.)

ఎన్నో ఏళ్ళపాటు పాఠ్యపుస్తకాల్లో ప్రతిజ్ఞ మొదటి పేజీల్లో ఉండేది, రాసినవారి పేరు ఉండేది కాదు. ఆయన 1988లో పోయారు. మా ఆఫీసులోనే సగంమందికి ఆ సంగతి తెలియదు.


అరుగు వకీలు
ఆగస్టు 19, సాయంత్రం 6:15

ఆసక్తికరమైన చర్చ. చిన్న సవరణ చేస్తాను. మనకు జెండా ప్రతిజ్ఞ ఉంది. ఎవరికీ తెలియదంతే.

2002 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న జెండా నియమావళిలో విద్యాసంస్థల గురించి ఒక భాగం ఉంది. పిల్లలు చతురస్రంలో మూడువైపులా నిలబడాలి, నాలుగోవైపు జెండా కొయ్య, ప్రధానోపాధ్యాయుడు ఎక్కడ నిలబడాలి, విద్యార్థి నాయకుడు ఎక్కడ నిలబడాలి అని పెళ్ళి పీటల దగ్గర పురోహితుడు చెప్పినంత వివరంగా ఉంటుంది. అందులో జాతీయ గీతం తరువాత చెప్పవలసిన ఒకే ఒక్క వాక్యం ఉంది. జాతీయ జెండాకూ, అది ఏ సర్వసత్తాక ప్రజాస్వామ్య గణతంత్రానికి చిహ్నమో ఆ గణతంత్రానికీ విధేయత ప్రకటిస్తున్నాను అని దాని సారాంశం. ఇంగ్లీషు మూలం చూస్తే అమెరికా ప్రతిజ్ఞ మొదటి సగానికి అచ్చు నకలులా ఉంటుంది. ఒక్కటే తేడా. దాన్ని చేతులు జోడించి చెప్పాలట. చాచమని లేదు, గుండె మీద పెట్టమనీ లేదు. నమస్కారం.

నా చిన్నతనంలో గానీ నా పిల్లల చిన్నతనంలో గానీ ఏ బడిలోనూ అది వినలేదు. ప్రభుత్వ నియమావళిలో ఉన్నది ఎవరి నోటా లేదు. ట్రెజరీ గదిలో పుట్టినది కోట్లమంది నోట ఉంది.


న్యూజెర్సీ కోడలు
ఆగస్టు 19, రాత్రి 9:50

బాబాయ్ గారూ, కిటికీ తెర సంగతి నేను చెబుతాను. మీ అమ్మాయికి మొహమాటం అడ్డొచ్చి ఉంటుంది.

ఇక్కడి జెండా ప్రతిజ్ఞ 1892లో పుట్టింది. ఫ్రాన్సిస్ బెల్లమీ అనే ఒకప్పటి చర్చి బోధకుడు ఒక పిల్లల పత్రిక కోసం రాశాడు. కొలంబస్ వచ్చి నాలుగువందల ఏళ్ళయిన సందర్భం. ఆ పత్రికవాళ్ళు బడులకు జెండాలు కూడా అమ్ముకునేవారు లెండి. ప్రతిజ్ఞతో పాటు ఒక వందనం కూడా నేర్పారు. కుడి చెయ్యి జెండావైపు తిన్నగా చాచడం! అంటే దాదాపు మీరు నిన్న వంటింట్లో చేసినదే. యాభై ఏళ్ళు ఇక్కడి పిల్లలూ అలాగే చెయ్యి చాచారు. ఆ తరువాత హిట్లర్ మనుషులు అలాంటి వందనమే పెట్టడం ప్రపంచమంతా చూసింది. 1942 డిసెంబరులో అమెరికా చట్టసభ "ఇక చెయ్యి గుండె మీద పెట్టుకోండి" అని మార్చేసింది.

అందుకే, ఎదురింటివాళ్ళకు కిటికీలోంచి మీరు కనబడితే ఏమనుకుంటారో అని మీ అమ్మాయి కంగారుపడింది. మన బళ్ళో అదే భంగిమకు అలాంటి అర్థమేమీ లేదని వాళ్ళకు ఎలా తెలుస్తుంది? నేనూ మా ఊరి బడి ఫొటో ఒకటి ఆఫీసు బల్ల మీద పెట్టుకొని ఇలాగే ఇరుక్కున్నాను. మూడు వరుసల పిల్లలం, రెండు జడలు, చాచిన చేతులు. పక్క బల్ల ఆవిడ అడగలేక అడిగింది. అరగంట పట్టింది చెప్పడానికి.

మాటలూ మారుతూనే వచ్చాయి. మొదట్లో "నా జెండా" అని ఉండేది. వలస వచ్చినవాళ్ళ పిల్లలు "నా జెండా" అంటూ మనసులో ఇటలీదో పోలండుదో తలుచుకుంటే ఎలా అని 1923లో "అమెరికా సంయుక్త రాష్ట్రాల జెండా" అని మార్చారు. 1954లో, కమ్యూనిస్టు రష్యాతో పోటీ ముదిరినప్పుడు, "దేవుని నీడన" అన్న మాట చేర్చారు. ఐసెన్‌హోవర్ సంతకం పెట్టాడు. అంటే ఏ కాలంలో ఎవరిని చూసి భయపడ్డారో ఆ ప్రతిజ్ఞలో పొరలు పొరలుగా కనబడుతుంది. ఉల్లిపాయ ఒలిచినట్టే.

నేను పౌరసత్వం తీసుకున్న రోజు ఇదే ప్రతిజ్ఞ చెప్పాను. దానికి ముందు ఇంకో ప్రమాణం ఉంటుంది. అంతవరకూ ఏ దేశానికి చెందిన పౌరులమో ఆ దేశంపట్ల విధేయతను పూర్తిగా వదులుకుంటున్నాం అని. చేతిలో చిన్న కాగితం జెండా, పక్కన ఎక్కడెక్కడినుంచో వచ్చిన వందమంది. ఆ వాక్యం దగ్గర నా గొంతు ఆగిపోయింది. పెదాలు కదిలించాను. ఇంటికొచ్చి పప్పుచారు పెట్టుకున్నాను. ఎందుకు రాస్తున్నానో తెలియదు, రాయాలనిపించింది.


పెరుగన్నం తాత
ఆగస్టు 20, ఉదయం 7:30

అమ్మా, చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. మా అమ్మాయికి మీ సందేశం చూపించాను. "అదే నాన్నా" అంది. ఎదురింటాయన ఈ ఉదయం కుక్కను తిప్పుతూ నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేను రెండు చేతులూ జోడించాను. వకీలు గారి నియమావళి ప్రకారం.


కాకరకాయ వేపుడు
ఆగస్టు 20, ఉదయం 11:05

అందరూ మురిసిపోతున్నారు కాబట్టి చేదు మాట నేను చెబుతాను. పదేళ్ళపాటు రోజూ "భారతీయులందరూ నా సహోదరులు" అన్నాం. అదే బడిలో మధ్యాహ్న భోజనానికి కొందరు పిల్లలు విడిగా కూర్చునేవారు. ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఉదయం తొమ్మిదింటికి సహోదరులైన వాళ్ళు ఒంటిగంటకు ఎవరికి వారే. ప్రతిజ్ఞ చెప్పించిన మాస్టారే ఆ వరుసలు వేయించేవాడు.

బలవంతంగా చెప్పించేది నోటికి అలవాటవుతుంది, మనసుకు కాదు. సినిమా హాళ్ళలో జాతీయ గీతం తప్పనిసరి అని 2016లో సుప్రీంకోర్టు అంటే ఏమైంది? నిలబడలేదని పక్కవాడిని కొట్టినవాళ్ళు బయలుదేరారు. 2018 జనవరిలో కోర్టే ఆ తప్పనిసరిని తీసేసింది.


త్రివర్ణం
ఆగస్టు 20, ఉదయం 11:40

జమ్మికుంటలో 2017 ఆగస్టు 15 నుంచి రోజూ ఉదయం మైకుల్లో జాతీయ గీతం వేస్తే ఊరు ఊరంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగి నిలబడింది. కూరగాయల బండివాడూ నిలబడ్డాడు, బస్సూ ఆగింది. ఎవరు బలవంతం చేశారు? దేశం అన్నం తిని దేశాన్ని తిట్టేవాళ్ళకు అది అర్థం కాదు. ఇష్టం లేనివాళ్ళు


పర్యవేక్షకుడు
ఆగస్టు 20, ఉదయం 11:52

పై సందేశంలో చివరి రెండు వాక్యాలు తొలగించాను. ఎవరు ఎక్కడికి వెళ్ళాలో చెప్పే పని ఈ వేదికది కాదు. జమ్మికుంట సంగతి చర్చకు పనికొస్తుంది, ఉంచాను.


సుద్దముక్క
ఆగస్టు 20, మధ్యాహ్నం 12:30

కాకరకాయ గారూ, మీరు చెప్పిన వరుసలు నేనూ చూశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో. నేను మాట్లాడలేదు. రెండో ఏడు మాట్లాడాను. ఇంతకన్నా నా గురించి మంచిగా చెప్పుకోలేను.

అయితే ఒకటి గమనించాను. ఆ రెండో ఏడు నాకు మాట్లాడటానికి ఊతమిచ్చింది ఆ వాక్యమే. ప్రధానోపాధ్యాయుడితో వాదించేటప్పుడు రాజ్యాంగం అధికరణాలు నాకు నోటికి రావు కదా. "పొద్దున పిల్లలతో ఏం చెప్పించారండీ?" అన్నాను. ఆయన దగ్గర జవాబు లేకపోయింది. నోటి అలవాటు ఎప్పుడో ఒకప్పుడు ఎదురు తిరుగుతుంది.


అరుగు వకీలు
ఆగస్టు 20, సాయంత్రం 5:45

బలవంతం గురించి రెండు కోర్టు తీర్పులు చెబుతాను. వింతేమిటంటే, సముద్రానికి ఇవతలా అవతలా రెండు కేసులూ యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ పిల్లలవే.

అమెరికాలో 1940లో సుప్రీంకోర్టు, జెండా వందనం చేయని పిల్లలను బడి నుంచి పంపడం సరే అంది. ఆ తరువాత ఆ శాఖవారిపై దేశంలో చాలాచోట్ల దాడులు జరిగాయి. మూడేళ్ళు తిరిగేసరికి, 1943 జూన్ 14న, వెస్ట్ వర్జీనియా కేసులో అదే కోర్టు తన మాట తనే వెనక్కి తీసుకుంది. ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. ఎవరూ ఎవరిచేతా విశ్వాసాన్ని బలవంతంగా పలికించరాదు అని. అది రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో! జూన్ 14 అక్కడ జెండా దినం కూడా.

ఇక మనది. 1985లో కేరళలో ఒకే ఇంటి పిల్లలు ముగ్గురు. జాతీయ గీతం వచ్చినప్పుడు మర్యాదగా లేచి నిలబడేవారు, పాడేవారు కాదు. బడి నుంచి పంపేశారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్ళను తిరిగి చేర్చుకోమంది. పాడకపోవడం అవమానించడం కాదు, నిలబడ్డారుగా అని. ఆ తీర్పు రాసినది జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, మన తెలుగువారే. మన సంప్రదాయం సహనాన్ని బోధిస్తుంది, మన తత్వశాస్త్రం సహనాన్ని ప్రబోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయవద్దు అని ముగించారు. కొత్తగా వచ్చే జూనియర్లకు ఆ చివరి పేరా చదివి వినిపిస్తుంటాను. తీర్పుల్లో అంత పొట్టి వాక్యాలు అరుదు.

డాలస్ తాతగారికి ఒక మాట. టెక్సస్‌లో కూడా తల్లిదండ్రులు కాగితం రాసిస్తే పిల్లలకు ప్రతిజ్ఞ నుంచి మినహాయింపు ఉంటుంది.


పెరుగన్నం తాత
ఆగస్టు 20, రాత్రి 8:15

మినహాయింపా! వాడిని ఆదివారం ఆపడమే కష్టంగా ఉంది. టెక్సస్‌ది కూడా నాకు నేర్పేస్తున్నాడు.


కొత్తిమీర కట్ట
ఆగస్టు 20, రాత్రి 10:20

చిన్నదాన్ని, ఒక అనుమానం అడగవచ్చా? జెండాలో కాషాయం హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు, తెలుపు మిగతావాళ్ళకు అని మా బళ్ళో చెప్పారు. వాట్సాప్‌లో ఒకాయన అది అబద్ధం అంటున్నాడు. ఏది నిజం?


సుద్దముక్క
ఆగస్టు 20, రాత్రి 10:58

రెండూ నిజమేనమ్మా, కాలాలు వేరు. 1921లో బెజవాడలో కాంగ్రెసు సమావేశమైనప్పుడు వెంకయ్యగారు గాంధీగారికి జెండా నమూనా ఇచ్చారు. అందులో ఎరుపు, ఆకుపచ్చ. హిందువులకు, ముస్లింలకు అనే లెక్కనే. మిగతావారి కోసం తెలుపు చేర్చమన్నది గాంధీగారు, మధ్యలో రాట్నం. అలా మతానికో రంగు పంచడం మొదలయ్యేసరికి, మరి మా రంగు ఏదని సిక్కులు అడిగారు. న్యాయమే కదా! ఎంతమందికని పంచుతారు?

1931లో ఏడుగురితో సంఘం వేశారు. మన పట్టాభి సీతారామయ్యగారూ అందులో ఉన్నారు. జెండా మొత్తం ఒకే కేసరి రంగు, మూలన రాట్నం పెడదామని వాళ్ళు చెప్పారు. కాంగ్రెసు ఒప్పుకోలేదు. మూడు రంగులే ఉంచి, ఎరుపు తీసి కేసరి పెట్టి, అర్థాలు మార్చేసింది. రంగులకు మతాలతో సంబంధం లేదని తీర్మానంలోనే రాసుకున్నారు. ధైర్యం, త్యాగం, శాంతి, సత్యం, విశ్వాసం ఇలాగ. 1947 జూలై 22న రాజ్యాంగ సభలో రాట్నం పోయి ధర్మచక్రం వచ్చింది.

అంటే మీ మాస్టారు 1921 పాఠం చెప్పారు, వాట్సాప్ ఆయన 1931 పాఠం చెప్పాడు. ఆయన మొదటిసారి నిజం చెప్పి ఉంటాడు, ఫొటో తీసి పెట్టుకో.


పేరాక్ తెలుగు
ఆగస్టు 21, ఉదయం 6:40

మలేషియా నుంచి. మా ముత్తాత తోటపనికి వచ్చాడు, మేము ఇక్కడే నాలుగో తరం. తెలుగు అమ్మమ్మ దగ్గరా, వారాంతపు తరగతుల్లోనూ నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

మేము బడిలో చెప్పినది రుకున్ నెగారా. 1969 మే 13న కౌలాలంపూర్‌లో మలయ్, చైనీయుల మధ్య పెద్ద గొడవలు జరిగి చాలామంది చనిపోయారు. మరుసటి ఏడు, 1970 ఆగస్టు 31న, ఐదు సూత్రాలు ప్రకటించారు. దేవునిపై విశ్వాసం, రాజుకూ దేశానికీ విధేయత, రాజ్యాంగం అన్నిటికన్నా పైన, చట్టం ప్రకారం పాలన, చివరిది మర్యాద, నీతి. మీ ప్రతిజ్ఞలో కూడా మర్యాద ఉందని చదివి సంతోషం వేసింది.

బడిలో మలయ్ భాషలో చెప్పేవాళ్ళం. ఇంట్లో అమ్మమ్మ దేవుడి గూట్లో వేంకటేశ్వరస్వామి. "మొదటి సూత్రంలో దేవుడు ఎవరు?" అని అడిగితే "నీకు ఎవరైతే వాళ్ళే, గట్టిగా చెప్పు" అనేది. అమ్మమ్మ ఇండియా ఎప్పుడూ చూడలేదు. కానీ ఆవకాయ కలిపేటప్పుడు "మన దేశంలో అయితే" అని మొదలుపెట్టేది. ఆ "మన దేశం" ఏదో నేను అడగలేదు.


ఖజానా గుమస్తా
ఆగస్టు 21, ఉదయం 10:10

పేరాక్ తమ్ముడూ, మీ తెలుగులో తప్పులేమీ లేవు.

మీ అమ్మమ్మగారి మాటకు మా నాయనమ్మ గుర్తుకొచ్చింది. ఆవిడ నల్లగొండ జిల్లాలో మా ఇంటి గడప దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. అయినా నిజాం ఏలుబడిలో పుట్టింది. 1947 ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగిరితే ఇక్కడ ఎగరేసినవాళ్ళను జైల్లో పెట్టారు. స్వామి రామానంద తీర్థను ఆ రోజే అరెస్టు చేశారు. మా తాత ఒక జెండాను జొన్నల గాదెలో దాచాడట. 1948 సెప్టెంబరు తరువాత తీస్తే ఎలుకలు ఒక మూల కొరికేశాయి. నాయనమ్మ ఆ మూలకు పాత చీర ముక్క అతుకు వేసింది. ఏ రంగుదని అడిగితే నవ్వేది. చెప్పేది కాదు. అప్పటినుంచి హైదరాబాదు రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, ఆవిడ పోయాక 2014లో తెలంగాణ. గడప అదే.

పైడిమర్రివారిదీ అదే కాలం. 1938లో ఉస్మానియాలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను వెళ్ళగొట్టారు. పి.వి. నరసింహారావుగారు నాగపూర్ వెళ్ళి చదువుకోవలసి వచ్చింది. అప్పటికి సుబ్బారావుగారికి ఇరవై రెండేళ్ళు. పాడితే బడి నుంచి పంపేసిన రోజులు చూసిన తరం ఆయనది. వకీలు గారు చెప్పినది పాడకపోతే పంపేసిన కథ. జెండా పేరు ఎత్తకుండా ఆయన ప్రతిజ్ఞ ఎందుకు రాశారో నేను చెప్పలేను, ఆయన చెప్పినట్టు ఎక్కడా చదవలేదు. కానీ జెండాలు మారడం కళ్ళారా చూసినవాడు, తల్లిదండ్రులూ పంతుళ్ళూ మారరు కదా అనుకొని ఉంటాడని నాకు అనిపిస్తుంది.


కాకరకాయ వేపుడు
ఆగస్టు 21, ఉదయం 11:30

పంతుళ్ళ సంగతి నాకు అనుమానమే. మీ నాయనమ్మ అతుకు మాత్రం బాగుంది. ఈ చర్చ మొత్తంలో నాకు నచ్చినది అదే.


కొత్తిమీర కట్ట
ఆగస్టు 21, మధ్యాహ్నం 2:00

ఇంకొకటి గమనించాను. తెలుగులో "భారతదేశం నా మాతృభూమి" అని ఉంది. ఇంగ్లీషు పాఠంలో "ఇండియా నా దేశం" అని మాత్రమే ఉంది. తల్లి లేదు! సహోదరుల దగ్గర ఇంగ్లీషులో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అని విడివిడిగా ఉంటుంది, తెలుగులో ఒకే మాటలో సర్దేశారు. మా చెల్లి పుస్తకంలో "జంతువుల పట్ల దయతో ఉంటాను" అని కూడా ఉంది. తాతగారూ, మీకు ఉండేదా?


పెరుగన్నం తాత
ఆగస్టు 21, రాత్రి 8:40

జంతువులు మా కాలంలో లేవమ్మా. అంటే ఉన్నాయి, ప్రతిజ్ఞలో లేవు.

మీ సందేశం చదివాక ఈ సాయంత్రం ఒకటి జరిగింది. మనవడు తెలుగు ప్రతిజ్ఞ నేర్పమన్నాడు. నేర్పాలా వద్దా అని నాలో నేను తర్జనభర్జన పడ్డాను. వాడు ఇక్కడ పుట్టాడు, ఈ దేశ పౌరుడు. "భారతదేశం నా మాతృభూమి" అని వాడిచేత చెప్పిస్తే అబద్ధం చెప్పించినట్టు కాదా? ఇంగ్లీషు పాఠమైతే మరీ కుదరదు. చివరికి మొదటి వాక్యం వదిలేసి రెండో వాక్యం నుంచి మొదలుపెడదామని నిర్ణయించుకున్నాను.

వాడు ఊరుకోలేదు. "మొదటిది ఎందుకు వదిలేశావు?" అన్నాడు. అది నీకు వర్తించదురా అన్నాను. "మాతృ అంటే ఏమిటి?" "అమ్మ." "భూమి?" "నేల, ఊరు." వాడు కాసేపు పెరుగన్నం కలుపుతూ ఆలోచించి, "అమ్మ ఊరే కదా మరి?" అన్నాడు.

మా అమ్మాయి కాకినాడలో పుట్టింది.


సుద్దముక్క
ఆగస్టు 21, రాత్రి 9:05

తాతగారూ! మాతృభూమి, మాత యొక్క భూమి, షష్ఠీ తత్పురుష సమాసం. పరీక్షలో రాస్తే పూర్తి మార్కులు వేస్తాను. మేమంతా మాత అనెడి భూమి అని రూపకంగా చదువుకుంటూ వచ్చాం.


న్యూజెర్సీ కోడలు
ఆగస్టు 21, రాత్రి 9:30

మా పెద్దదానికి ఇప్పుడే ఫోను చేసి చెప్పాను. కాలేజీలో ఉంది. "అమ్మా, నువ్వు పుట్టింది ఏ ఊరో ఇంకోసారి చెప్పు, స్పెల్లింగు రాసుకుంటాను" అంది.


పెరుగన్నం తాత
ఆగస్టు 22, ఉదయం 7:15

మొదటి వాక్యంతో సహా నేర్పేశాను. చేతులు జోడించి చెబుతున్నాడు. కిటికీ తెర తీసే ఉంది. ఒక్క చోట మాత్రం దిద్దలేదు, సుద్దముక్క గారు మన్నించాలి. వీడికీ "సర్వదా" నోరు తిరగడం లేదు.